బొల్లావు చూసిన సీరియల్

ఆ దినం పొద్దున్నే నారాయణస్వామి మనసులో ఏసుకున్న లెక్క శానా చిన్నది. పెండ్లాం రెడ్డెమ్మ పాలు పిండి ఇస్తే క్యాను తీసుకోని పాలసెంటర్‌కు పోవల్ల. ఆడినుంచి అట్లే పుంగనూరులో బస్సెక్కి మదనపల్లికి పోయి ఆవుకు మేపేదానికి చెనిక్కాయ చెక్క ఒక మూట ఏసుకోని రావల్ల. మజ్జానం తాను సంగటి తిని, రెడ్డెమ్మ కూడా తిని, ఆమె కడుపు చల్లగా ఉండే టయం చూసి, ముందు దినం కుప్పంలో తాను చేసొచ్చిన పని మెల్లగా చెప్పల్ల. ఆకలి మీద ఉండే మనిషికి చెప్పే పని కాదది.

ఏమి చేసొచ్చినాడంటే, రెడ్డెమ్మ అన్న హనుమంతు కుప్పంలో ఉంటాడు. మనవరాలికి చెవులు కుట్టే ఫంక్షన్ చేసినాడు. ఆవును ఇడిసిపెట్టి రాలేనని రెడ్డెమ్మ మొగుణ్ణి ఒక్కణ్ణే పంపింది. భోజనాలైనాక షామియానా కింద మొగోళ్ళంతా ఆకువక్క ఏసుకోని కూర్చున్నారు. మాటలు మెల్లగా ఆవుల మీదికి మళ్ళినాయి.

"మూడు మండలాలు ఎతికినా మా ఆవు మాదిరి ఆవు లేదు బావా," అన్నాడు హనుమంతు. "మీ బొల్లి ఇచ్చే పాలు మా ఇంట్లో టీకి సాలవు."

నారాయణస్వామి నెమ్మదైన మనిషి. తనను ఎవురేమన్నా ఊరకుంటాడు. ఆవును అంటే మాత్రం ఓర్చుకోలేడు.

"వచ్చే ఆదివారం మీ కుప్పంలోనే పాలపోటీలు పెడతాండారు గదా బావా? ఆడ తేల్చుకుందాం."

"పందెమేమి?"

"ఓడినోడు తన పెయ్యదూడను గెలిచినోడి ఇంటికి తోలియ్యల్ల."

చెయ్యీ చెయ్యీ కొట్టుకున్నారు. సాయంత్రం బస్సు పలమనేరు దాటినాక మొగానికి గాలి తగిలి నారాయణస్వామికి తెలివొచ్చింది. ఆ దూడ ఆయనది కాదు. ఆవు ఆయనది, దూడ రెడ్డెమ్మది. పుట్టినప్పుడు అది కాళ్ళ మీద నిలబడలేకపోతే, ఒళ్ళో పండబెట్టుకోని సీసాతో పాలు తాపి బతికించుకునింది. పేరు కూడా ఆమే పెట్టింది, కాత్యాయని అని. అది ఆమె చూసే సీరియల్‌లో హీరోయిన్ పేరు.

ఆ సీరియల్ సంగతి చెప్పకపోతే కత నడవదు. దాని పేరు 'నాలుగో ముడి'. పెండ్లిలో ఏసేది మూడు ముళ్ళే గదా, ఈ నాలుగోది యాడిదని నారాయణస్వామి మొదటి దినమే అడిగినాడు. "చూస్తా ఉంటే తెలుస్తాది," అనింది రెడ్డెమ్మ. తొమ్మిదేండ్లాయ, ఇంకా తెలియలేదు. మొదట్లో దాన్ని ఎవురూ పట్టించుకోలేదు. అత్త చాముండేశ్వరి కోడల్ని బావిలోకి ఎప్పుడు తోసిందో, ఆ పొద్దునుంచి ఊరూరూ పట్టుకునింది. సీరియల్ వచ్చే టయానికి పల్లెల ఆటోల్లో ఆడమనిషి అనేది కనపడేది కాదు. ఆపైన ఆ హీరోయిన్ పిల్ల సినిమాల్లోకి పోయింది. కాత్యాయని మొగానికి ఆపరేషన్ అయిందని చెప్పి ఇంకొక పిల్లను తెచ్చి కూర్చోబెట్టినారు. కొందరు కోపం చేసుకోని మానేసినారు, మళ్ళా వచ్చినారు. కాత్యాయని మొగుడు రెండుసార్లు సచ్చి మూడుసార్లు తిరిగొచ్చినాడు. అట్ల ఎక్కతా దిగతా నడస్తాండాది ఆ బండి.

పాలవ్యాను ఏడుకు వస్తాది. కాబట్టి ఆరున్నరకు పాలు పిండల్ల. సీరియల్ కూడా ఆరున్నరకే. పొద్దున అదే టయానికి, ముందు దినం సాయంత్రం ఏసిందాన్ని మళ్ళా ఏస్తారు. రెండు పూటలా ఇదే తంటా అయితే ఆడోళ్ళు ఏం చేస్తారు? టీవీని తెచ్చి వసారాలో పెట్టించుకున్నారు. వాకిట్లో ఆవు, ఆవుకు ఎదురుగా టీవీ. ఒక్క రెడ్డెమ్మే కాదు, పుంగనూరు నుంచి కుప్పందాకా ఆవుండే ప్రతి ఇంట్లో ఇదే ఏర్పాటు. ఆ టయంలో వార్తలు చూడల్లని నారాయణస్వామికి ఆశ. తొమ్మిదేండ్లుగా అది ఆశగానే ఉండాది.

ఇంక ఆ పొద్దు సంగతి. నారాయణస్వామి క్యాను కడుక్కోని నిలబడుకోని ఉండాడు.

"ఏమయ్యా, ఈడికి రా," అని పిలిచింది రెడ్డెమ్మ. "బొల్లి సేపలేదు. నిన్న సాయంత్రం కూడా ఇంతే."

పొదుగులోకి పాలు దిగేదాన్ని చేపడమంటారు. ఆవు చేపకపోతే మనిషి ఎంత పిసికినా లాభం లేదు. చెంబులో చూస్తే అడుగు కూడా తడవలేదు.

"నువ్వు సరిగా పిండలేదేమో!"

"నువ్వు కూర్సో, పిండు. నేను నిలబడుకోని సూస్తా."

నారాయణస్వామి కూర్చున్నాడు. బొల్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, కాలెత్తి చెంబును తన్ని, మళ్ళా ముందుకు తిరుక్కునింది.

ఒట్టి క్యాను పట్టుకోని పోయేదానికి సిగ్గేసి, ఒట్టి చేతులతోనే పాలసెంటర్‌కు పోయినాడు. ఆడ చూస్తే ఒకరిద్దరు కాదు, శానామంది మొగాలు ఏలాడేసుకోని ఉండారు. సెంటర్ చూసుకునే గిరిబాబు నెత్తి మీద చెయ్యి పెట్టుకోని ఉండాడు.

"నీది కూడానా స్వామీ? అందరి పాలూ తగ్గినాయప్పా. వ్యానోడు నన్ను తిడతాడు ఇప్పుడు."

ఎవురికి తోచింది వాళ్ళు చెప్పినారు. ఆవులకు పెట్టే బూసాలో కల్తీ అన్నాడు ఒకడు. బోరు నీళ్ళు మారినాయన్నాడు ఇంకొకడు. "అదేం కాదు," అన్నాడు మూలన నిలబడినోడు, "ఇండ్ల మీద డిష్‌లు ఉండాయే, వాటిల్లోంచి ఏదో వస్తాదంట. అది నేరుగా ఆవు మీద పడతాదంట." ఎవురు చెప్పినారని అడిగితే, ఫోన్లో చూసినానన్నాడు. ఫోన్లో చూసినానంటే ఇంక ఎదురు మాట్లాడేదేముండాది? నారాయణస్వామి మదనపల్లి మాట మరిచిపోయినాడు. నేరుగా ఇంటికొచ్చి, నిచ్చెనేసుకోని మిద్దెక్కి, డిష్‌ను పక్కింటి చింతచెట్టు తట్టు తిప్పేసినాడు.

బొల్లికి పాలు రాలేదు. టీవీకి బొమ్మ రాకుండా పోయింది. ఇంట్లో ఆ పూట అన్నం కూడా లేటుగా వచ్చింది.

మరుసటి దినం పశువుల డాక్టరమ్మ శాంతకుమారి ఊర్లోకొస్తే పిలుచుకోనొచ్చినాడు. ఆమె పొదుగు చూసింది, కండ్లు చూసింది, జ్వరం చూసింది.

"ఆవు బ్రహ్మాండంగా ఉంది. జబ్బేం లేదు. దేనికో బెంగ పెట్టుకున్నట్టుంది. ఈ మధ్య ఇంట్లో ఏదన్నా మారిందా?"

"ఏమీ మారలేదమ్మా," అనింది రెడ్డెమ్మ.

నారాయణస్వామి మాత్రం వేళ్ళ మీద దినాలు లెక్కేసినాడు. ఆదివారం పొద్దున పాలిచ్చి పోయినాడు కుప్పానికి. ఆదివారం సాయంత్రం నుంచి ఆవు చేపలేదు. ఆ మధ్యలో ఏం జరిగింది? పందెం జరిగింది! తన బిడ్డను పందెం కట్టినాడని బొల్లికి తెలిసిపోయింది. ఎట్ల తెలిసిందంటే, తల్లి మనసు, తెలుస్తాది.

ఆ ఆలోచన మనిషిని తినేసింది. సాయంత్రం రెడ్డెమ్మ కట్టెలకని పెరట్లోకి పోయింది చూసి, నారాయణస్వామి కొట్టంలోకి దూరినాడు. బొల్లి గంగడోలు నిమురుతా, చెవి దగ్గర నోరు పెట్టినాడు.

"తప్పయిపోయింది తల్లీ. నీ బిడ్డను ఆ హనుమంతుగానికి ఇయ్యను. నోరు జారి పందెం కట్టినా. ఆదివారం నువ్వు గెలిస్తే నీ బిడ్డ నీదే. కోపం పెట్టుకోవద్దు. ముఖ్యంగా ఈ మాట రెడ్డెమ్మకు తెలియనీవద్దు."

బొల్లి ఎవురికీ చెప్పలేదు. రెడ్డెమ్మే కట్టెల మోపుతో కొట్టం తడిక అవతల నిలబడుకోని ఉండాది.

తర్వాత జరిగింది ఊరంతా వినింది కాబట్టి మళ్ళా చెప్పేది అక్కరలేదు. రెండు దినాలు నారాయణస్వామి సంగటి తానే కెలుక్కున్నాడు. ఉండలు కట్టింది. ఆ ఉండల్నే మింగినాడు.

మూడో దినం నూరుల్లా వచ్చినాడు. నూరుల్లాకు పుంగనూరులో మైకుసెట్ల అంగడి ఉండాది. పెండ్లిళ్ళకు, మీటింగులకు బాక్సులు బాడిగకిస్తాడు. డిష్‌లు కూడా రిపేరు చేస్తాడు. తిరగేసిన డిష్‌ను మళ్ళా తిప్పమని రెడ్డెమ్మ కబురు పంపింది. ఆయప్ప మిద్దెక్కి స్క్రూలు ఇప్పతా ఉంటే, కింద నారాయణస్వామి నిచ్చెన పట్టుకోని ఉండాడు. రెడ్డెమ్మ వాకిట్లో చేట పట్టుకోని రాగులు చెరగతాండాది. మొగుడి తట్టు చూడటం లేదు.

అంతలో మిద్దె మీద నూరుల్లా జోబీలో ఫోను మోగింది. 'నాలుగో ముడి' పాట. ఇప్పుడొచ్చేది కాదు, తొమ్మిదేండ్లుగా వచ్చిన పాత పాట. మొదట సన్నాయి, తర్వాత గంటలు, ఆమీట ఆడగొంతు రాగం.

రెడ్డెమ్మ చేతులు రాగుల్లో ఉండాయి గానీ, నోరు అలవాటుగా లేచింది. "వస్తాండాది సూడు, మూతి తిప్పుకుంటా! నీ జిమ్మడ చాముండీ! నీ నోట్లో మన్ను బడ! కోడలు ఉసురు నీకు తగలకుండా పోతాదా?"

"నిన్ను కాదులే," అని చేట దించి, తానే నాలిక కరుచుకునింది. మూడు దినాల్లో మొగుడితో అన్న మొదటి మాట అదే.

"సామన్నా!" అని పైనుంచి కేక పెట్టినాడు నూరుల్లా. "ఆవును సూడు! కింద సూడు!"

బొల్లి పొదుగు నిండుకోని బిగుసుకోని ఉండాది. నాలుగు చన్నుల్లోంచి పాలు చుక్కలు చుక్కలుగా కారతాండాయి. రెడ్డెమ్మ చేట పారేసి చెంబు తీసుకోని కూర్చునింది. చెంబు నిండింది. బకెట్ తెమ్మనింది. అదీ నిండింది.

ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"పాట!" అనింది రెడ్డెమ్మ. "ఆదివారం సాయంత్రం నుంచి పాట మార్చేసినారు గదయ్యా! కొత్త తరమంట. కాత్యాయని కూతురు పెద్దదైపోయిందంట. ఆ కొత్త పాట నాకే ఒంటికి పట్టలేదు, దీనికెట్ల పడతాది?"

"అందుకేనా ఊరంతా పాలు తగ్గింది!" అన్నాడు నారాయణస్వామి. అన్నాడే గానీ ఆ మాటను ఆడనే ఇడిసేసినాడు. దాన్ని ఇంకొంచెం దూరం తీసుకుపోయి ఆలోచించి ఉంటే తర్వాతి కత వేరుగా ఉండేది.

నూరుల్లా కిందికి దిగినాడు. "ఇది మా ఇంటామె షకీలా పెట్టింది అక్కా. తాను ఫోన్ చేస్తే ఈ పాటే రావాలంట. మీకు తెలీదా, ఆ సీరియల్‌ను ఆపేస్తాండారంట. ఎవురూ సూడటం లేదంట. వచ్చే శుక్రవారం ఆఖరు. మా ఇంట్లో రెండు దినాలుగా ఏడుపే. కూరలో ఉప్పు ఎక్కువైందంటే కండ్లనీళ్ళు పడినాయి అంటాది."

ఆ మాట ఇన్నాక నారాయణస్వామి మొగంలో ఎలుగొచ్చింది. దాన్ని దాచుకునేదానికి మీసం తుడుచుకున్నాడు.

"నూరుల్లా, ఆదివారం కుప్పంలో పాలపోటీలకు మైకు ఎవురిది?"

"నాదే సామన్నా."

"అట్లయితే మా బొల్లి వంతు వచ్చినప్పుడు ఆ పాట కొంచెం ఎయ్యప్పా. పోటీల్లో పాటలు ఏస్తానే ఉంటారు గదా."

"దానికేం, ఫోన్‌కు వైరు తగిలిస్తే సరి. కుప్పమంతా ఇనపడతాది."

రెడ్డెమ్మ లేచి చీర దులుపుకునింది. కాత్యాయని దగ్గరికి పోయి దాని మెడ మీద చెయ్యేసింది.

"నూరుల్లా, నువ్వు సాక్షి. నన్ను అడక్కుండా నా బిడ్డను పందెం కట్టిన మనిషి ఇతను. గెలిపించేది నేను. గెలిస్తే, నాలుగో ముడి నడిచినన్ని దినాలు రిమోటు నాది. వార్తలని, క్రికెట్టని నోరు తెరిచేదానికి లేదు. ఈ దూడ నెత్తిన చెయ్యి పెట్టి ఒప్పుకోమను."

నారాయణస్వామి మనసులో లెక్కేసుకున్నాడు. పోటీ ఆదివారం. సీరియల్ ఆఖరు శుక్రవారం. నడిమధ్య నాలుగైదు దినాలు. తొమ్మిదేండ్లు ఓర్చుకున్నోడికి అదొక లెక్కా? దూడ నెత్తిన ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ పెట్టినాడు.

శనివారం పొద్దున బొల్లిని టెంపోలోకి ఎక్కించినారు. ఎక్కేముందర నారాయణస్వామి పెండ్లానికి బుద్ధి చెప్పినాడు.

"ఆడ ఆఫీసర్లు వస్తారు. పెద్దమనుషులు వస్తారు. ఈడ మాదిరి నోరు పారేసుకోవద్దు. కొంగు కప్పుకోని, తలకాయ వంచుకోని, సప్పుడు లేకుండా పిండు. మన ఇంటి మర్యాద నిలబెట్టు."

"సరే," అనింది రెడ్డెమ్మ. ఎప్పుడూ అంత తొందరగా సరే అనే మనిషి కాదు.

కుప్పంలో పోటీ జరిగే మైదానం చుట్టూ జనం. పోటీ ఎట్లంటే, శనివారం సాయంత్రం అందరి ముందర ఆవుల పొదుగులు ఖాళీ చేస్తారు. ఆదివారం పొద్దున ఒక్కొక్క ఆవునూ పిలిచి పిండిస్తారు. గంట కొట్టినాక మొదలు, మళ్ళా గంట కొడితే ఆపెయ్యల్ల. ఆ పాలే లెక్క. కొలిచేదానికి డాక్టరమ్మ శాంతకుమారే వచ్చింది.

ఆదివారం పొద్దున ఆవులన్నిటినీ వరసగా కట్టేసి ఉండారు. పొదుగులు కుండల మాదిరి ఉండాయి. హనుమంతు ఆవు కొమ్ములకు రంగు, మెడలో పూసలు. పక్కన హనుమంతు, ఆయప్ప పెండ్లాం బయ్యమ్మ.

"ఏం బావా, దూడను టెంపోలోనే తెచ్చినావా, మళ్ళా తిరగాల్సిన పని లేకుండా?" అన్నాడు హనుమంతు. "మా ఆవుకు చెక్క, బూసా, జొన్నపిండి. మా ఇంట్లో సీరియళ్ళు, గీరియళ్ళు లేవు. టయానికి పని, టయానికి పాలు. ఏమే?"

"అవునవును," అని బయ్యమ్మ ఆకాశం తట్టు చూసింది.

స్టేజీ పక్కన నూరుల్లా మైకుసెట్టు సర్దుతాండాడు. మైదానం నాలుగు మూలలా నాలుగు గొట్టం మైకులు. బొల్లి వంతుకు సిద్ధంగా ఉండల్లని ఫోన్‌కు వైరు తగిలించినాడు. సౌండు పూర్తిగా పెట్టి చూసుకున్నాడు. అప్పుడు పుంగనూరులో షకీలాకు మొగుడు టిఫన్ తిన్నాడో లేదో అని అనుమానమొచ్చింది. ఫోన్ చేసింది.

నాలుగు మూలల నుంచి ఒకేసారి సన్నాయి లేచింది. గంటలు మోగినాయి. ఆడగొంతు రాగం తీసింది. ఆ రాగం మైదానం దాటి రైలు స్టేషన్ దాకా పోయింది.

ఒక్క నిమిషం ఎవురికీ ఏమీ అర్థం కాలేదు. వరసలో ఉండే ఆవులన్నీ ఒకేసారి తలకాయలెత్తినాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొన్ని టీవీ యాడుండాదని అటూఇటూ చూసినాయి. ఆపైన మొదలయింది. ఒకదాని వెనక ఒకటి, మనిషి చెయ్యి తగలకుండానే, పాలు నేల మీద కారటం మొదలుపెట్టినాయి.

"పట్టండి! పట్టండప్పా!" అని అరుపులు. ఒకడు బకెట్‌కు ఉరికినాడు, ఇంకొకడు కాళ్ళకు తాడు అడ్డంపడి బోర్లా పడినాడు. ఒక ముసలాయన తలపాగా తీసి చన్నుల కింద పట్టినాడు. ఇంక హనుమంతు ఆవు, అది కారటం లేదు, పోస్తాండాది. దాని కింద తెల్లగా మడుగు కట్టింది. హనుమంతు ఆ మడుగులో నిలబడుకోని పెండ్లాం తట్టు చూసినాడు. బయ్యమ్మ ఇంకా ఆకాశం తట్టే చూస్తాండాది.

నూరుల్లా గబగబా ఫోన్ ఎత్తినాడు. వైరు తీసేది మరిచిపోయినాడు.

"క్యా జీ, నాష్తా కరే క్యా?" అని షకీలా గొంతు నాలుగు మైకుల్లోంచి కుప్పాన్నంతా అడిగింది, టిఫన్ అయిందా అని.

"కరా, కరా! రఖ్ దే!" అని, తిన్నాను ఫోన్ పెట్టెయ్యమని చెప్పి, తానే పెట్టేసినాడు.

నారాయణస్వామి భయం భయంగా బొల్లి తట్టు తిరిగినాడు. బొల్లి కింద నేల పొడిగా ఉండాది. ఒక చుక్క రాలలేదు. అది గడ్డి నములుతా, చుట్టూ జరిగేదాన్ని చూస్తాండాది.

ముందు ఆయనకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అందరి పాలూ నేలపాలు, తనది పొదుగులో పదిలం. ఆమీట ఇంకొక ఆలోచనొచ్చి ఆ ప్రాణం మళ్ళా పోయింది. పాట ఇనింది గదా, మరి యాల చేపలేదు?

పెద్దమనుషులు మాట్లాడుకున్నారు. కారిన పాలను మళ్ళా పొదుగులోకి పంపలేము, మిగిలింది పిండించి కొలుద్దామన్నారు. ఒక్కొక్క ఆవునూ పిలిచినారు. అడుగంటిన బకెట్లు వస్తాండాయి. హనుమంతు ఆవు అంత కార్చి కూడా బకెట్‌లో సగం ఇచ్చింది. అదే అన్నిటికంటే ఎక్కువ.

ఆఖరున బొల్లి వంతు. గంట కొట్టినారు. నూరుల్లా పాట ఏసినాడు. రెడ్డెమ్మ కొంగు కప్పుకోని, తలకాయ వంచుకోని, చప్పుడు లేకుండా కూర్చునింది. మర్యాద నిలబెడతాండాది. పాట అయిపోయింది. బొల్లి చేపలేదు. మళ్ళా ఏసినాడు. చేపలేదు. రెడ్డెమ్మ చన్నులు నిమిరింది, నీళ్ళు కొట్టింది. బకెట్ అడుగున నాలుగు చుక్కలు.

దూరంగా హనుమంతు చేతులు కట్టుకోని నవ్వతాండాడు. "బావా, దూడకు కొత్త తాడు కొనిపెట్టినా!"

రెడ్డెమ్మ కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. సీసాతో పాలు తాగిన దూడ, ఒళ్ళో పడుకున్న దూడ, ఇంటికి పోతే "అంబా" అని ఎదురొచ్చేది, వచ్చే వారానికి కుప్పంలో ఎవురి కొట్టంలోనో ఉంటాది. అయినా నోరెత్తలేదు. ఆఫీసర్లుండారు.

మైకుసెట్టు దగ్గర నూరుల్లా నెత్తి గోక్కుంటా ఉండాడు. ఉన్నట్టుండి ఆయప్పకు మిద్దె మీద పొద్దు గుర్తుకొచ్చింది. చేతిలో ఉండే మైకుతోనే ఆవు దగ్గరికి ఉరికినాడు.

"అక్కా! తిట్టక్కా! ఆ పొద్దు నువ్వు తిట్టినాకే గదా సేపింది!" అన్నాడు. నాలుగు మూలల నుంచి "తిట్టక్కా, తిట్టక్కా" అని వచ్చింది.

"ఎవుర్ని తిట్టేది? ఈడ చాముండి లేదే!"

"ఎవుర్నైనా తిట్టు!"

రెడ్డెమ్మ తలకాయెత్తింది. ఎదురుగా నారాయణస్వామి నిలబడుకోని ఉండాడు.

"నీ జిమ్మడ!" అనింది. మైకు ఆమె మొగం ముందరే ఉండాది. "నీ మూతి మండ! ఎవురి దూడను ఎవురు పందెం కట్టేది? ఒళ్ళో పెట్టుకోని సాకింది నేను, నీ నోట్లో మన్ను బడ! కుప్పంలో ఆకువక్క ఏసుకోని పెద్దమనిషి మాదిరి చెయ్యి కొట్టొస్తావా? ఇంటికొచ్చి ఆవు చెవిలో చెప్పుకుంటావా? నాకు మర్యాద నేర్పిస్తావా నువ్వు, నీ తలపండు పగల!"

స్టేజీ మీద పెద్దమనుషులు లేచి నిలబడినారు. నారాయణస్వామి అడుగు వెనక్కేసినాడు. కానీ బకెట్‌లోంచి సర్రుసర్రుమని చప్పుడొస్తాండాది. బొల్లి కండ్లు అరమూసుకోని, నిండుగా చేపి, పాలిస్తాండాది.

"ఆపద్దు!" అన్నాడు నారాయణస్వామి దండం పెట్టి. "నీకు పుణ్యముంటాది, ఆపద్దు, తిట్టు!"

రెండో గంట కొట్టేదాకా తిట్టింది. కుప్పంలో ఆ పొద్దు సంత జరగతాండాది, సంతలోవాళ్ళు కూడా ఇన్నారు. బకెట్ నిండి పొంగింది. రెండోది తెచ్చి పెట్టినారు.

హనుమంతు మడుగు దాటుకుంటా వచ్చినాడు. "ఇది అన్యాయం డాక్టరమ్మా! పాటేసి పాలు పిండటం ఎక్కడుండాది?"

"పాట అన్ని ఆవులకూ వినిపించింది కదండీ," అనింది శాంతకుమారి కొలత చూస్తా. "మీ ఆవుకే అందరికంటే ఎక్కువ వినిపించినట్టుంది. అయినా మీ ఇంట్లో సీరియళ్ళు లేవన్నారే?"

హనుమంతు పెండ్లాం కోసం చూసినాడు. బయ్యమ్మ అప్పటికే రెడ్డెమ్మ పక్కకు పోయి నిలబడింది.

ఇత్తడి బిందె బొల్లికి ఇచ్చినారు. పందెం ప్రకారం హనుమంతు తన పెయ్యదూడను తెచ్చి తాడు రెడ్డెమ్మ చేతిలో పెట్టినాడు. ఆయప్ప మొగం చూడలేకుండా ఉండాది. రెడ్డెమ్మ తాడు తీసుకోని బయ్యమ్మ చేతికిచ్చింది.

"నీ దూడ నాకొద్దు అన్నా. మా వదినను మాత్రం సాయంత్రం టీవీ ముందర దొంగమాదిరి కూర్చోనీవద్దు. పీట ఏసి కూర్చోబెట్టు."

అందరూ సంతోషంగానే ఇండ్లకు పోయినారు. నారాయణస్వామి అందరికంటే సంతోషంగా పోయినాడు. దూడ దక్కింది, బిందె దక్కింది, శుక్రవారం నుంచి వార్తలు కూడా దక్కుతాయి.

మైదానంలో ఎవురో అదంతా ఫోన్లో తీసి ఉండారు. పాట రావటం, ఆవులు తలకాయలెత్తటం, పాలు కారటం, షకీలా టిఫన్ అడగటం, రెడ్డెమ్మ తిట్లు, అన్నీ. సోమవారానికి అది మదనపల్లి చేరింది. మంగళవారానికి నారాయణస్వామిని పాలసెంటర్‌లో చూసి జనం దండం పెడతాండారు. బుధవారానికి అది సీరియల్ తీసేవాళ్ళ ఫోన్లలోకి పోయింది.

శుక్రవారం సాయంత్రం నారాయణస్వామి స్నానం చేసి, చలవ చొక్కా ఏసుకోని, తొమ్మిదేండ్లలో మొదటిసారి తానే టీవీ ముందర కూర్చున్నాడు. ఆఖరి భాగం గదా, సాగనంపేదానికి. తెర మీద కాత్యాయని మళ్ళా పెండ్లిపీటల మీద ఉండాది, పక్కన కొత్త పెండ్లికొడుకు. మూడు ముళ్ళు పడినాయి. పెండ్లికొడుకు చెయ్యి నాలుగో ముడికి పోయింది.

"ఆపండి!" అని గుమ్మంలోంచి గొంతు. సచ్చిపోయిన మొగుడు నాలుగోసారి తిరిగొచ్చినాడు.

బొమ్మ ఆగిపోయింది. సన్నాయి లేచింది, గంటలు మోగినాయి. పాత పాట. ఒక గొంతు చెప్పింది: ప్రేక్షకుల కోరిక మీద, పాడిరైతుల ప్రత్యేక కోరిక మీద, నాలుగో ముడి ఆగదంట, ఇంక అరగంట బదులు గంట వస్తాదంట.

వాకిట్లో బొల్లి తలకాయెత్తింది. రెడ్డెమ్మ లేచింది. చెంబు తీసుకుంటా, రిమోటును బొడ్లో దోపుకునింది. నారాయణస్వామి కాత్యాయని దూడ నెత్తి తట్టు చూసినాడు. రెండు చేతులూ పెట్టినాడు గదా.

ఇప్పుడు రోజూ రెండు పూటలా ఆరున్నరకు రెడ్డెమ్మ పిండతాది. ఆమె గొంతు నొప్పిగా ఉన్నప్పుడు చాముండేశ్వరిని నారాయణస్వామే తిడతాడు, బాగానే తిడతాడని ఊర్లో పేరుండాది. లోకంలో ఏమి జరగతాండాదో మాత్రం ఆయనకు పాలసెంటర్‌లో గిరిబాబు చెప్తే తెలియాల.